క్రూసేడ్ దారిలో మామయ్యతో ఐదు రోజులు

మా మామయ్య రిటైరైన పాస్టరు. గుంటూరు జిల్లా లూథరన్ సంఘాల్లో ముప్పై ఆరేళ్ళు సేవ చేశారు. మనవడు పుట్టాడని అత్తయ్యతో కలిసి ఆగస్టులో ఫ్రాన్సులోని తులూజ్ వచ్చారు. ఇది విమానాల ఊరు. ఎయిర్‌బస్ పుణ్యమా అని నాలాంటి తెలుగువాళ్ళం ఇక్కడ బాగానే పోగయ్యాం. రెండు నెలలు తిరిగేసరికి ఆయనకి మా వీధిలో చూడనిది ఏమీ మిగల్లేదు. "నాన్నని ఎటైనా తిప్పుకు రండి, టీవీ రిమోట్‌తో కుస్తీ పడుతున్నారు" అంది మా ఆవిడ.

ఎటు వెళ్ళాలో తేల్చింది ఒక పోస్టరు. మెట్రో స్టేషన్‌లో దాని ముందు ఆగి, అక్షరాలు కూడబలుక్కుని, "క్రొయిసాద్ అంటే క్రూసేడే కదా బాబూ? ఇక్కడ కూడా పెడతారా?" అని అడిగారు.

మన వైపు క్రూసేడ్ అంటే హైస్కూలు గ్రౌండులో షామియానా, ట్యూబ్‌లైట్లు, మైకు సెట్టు, బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, మూడు రాత్రుల కూటాలు. మామయ్యే పాతిక దాకా పెట్టించి ఉంటారు. ఆ మాట శిలువ గుర్తు వేసుకుని యుద్ధానికి పోవడం నుంచి పుట్టిందని ఆయనకి తెలుసు. కానీ అదంతా యెరూషలేము వైపు జరిగిన సంగతనుకున్నారు. క్రైస్తవ దేశంలో, క్రైస్తవుల మీద, పోపు పిలుపునిస్తే ఇరవై ఏళ్ళు సాగిన క్రూసేడ్ ఒకటుందనీ, మా ఇల్లు ఆ నేల మీదే ఉందనీ చెబితే, "చూపించు" అన్నారు.

మొదటి రోజు, అక్టోబరు 27, సోమవారం: ఆల్బీ

తులూజ్ నుంచి గంట దారి. ఆ యుద్ధానికి పేరు ఈ ఊరి మీదే వచ్చింది, ఆల్బిజెన్షియన్ క్రూసేడ్ అని. అసలు పోరు ఎక్కువగా జరిగింది మాత్రం వేరే చోట్ల.

ఊళ్ళోకి వెళ్ళగానే కెతీడ్రల్ కనిపిస్తుంది. కనిపిస్తుంది అనడం తక్కువే, మీదికొస్తుంది. ఎర్ర ఇటుకల కోట అది. సన్నటి కిటికీలు, బురుజుల్లాంటి గోడలు, 78 మీటర్ల గోపురం. యుద్ధం ముగిసిన యాభై ఏళ్ళకి, 1282లో, మొదలుపెట్టారు. ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో ఎవరికీ అనుమానం మిగలకూడదన్నట్టు కట్టారు. "ఇది గుడి కాదు బాబూ, పోలీస్ స్టేషన్" అన్నారు మామయ్య.

లోపల పడమటి గోడ నిండా అంతిమ తీర్పు చిత్రం. పరలోకం, పునరుత్థానులు, కింద నరకంలో పాపానికొక గది. బొమ్మ మధ్యలో పెద్ద ఖాళీ ఉంది. 1693లో వెనక గదికి దారి కావాలని మధ్యలో గోడ తొలిచేశారట. దాంతో తీర్పు తీర్చే క్రీస్తు బొమ్మ పోయింది. ఏడు పాపాల్లో బద్ధకం గది కూడా దాంతోపాటే పోయింది. ఆ సంగతి మా టీమ్‌కి చెప్పాలనుకున్నాను.

ఇంతకీ ఈ యుద్ధం ఎవరి మీద? మనం కతార్లు అంటున్నాం గానీ వాళ్ళు తమని మంచి క్రైస్తవులమనే చెప్పుకునేవారు, ఊళ్ళోవాళ్ళు 'మంచి మనుషులు' అనేవారు. కంటికి కనిపించే లోకం దేవుడు చేసింది కాదని, చెడుశక్తి పని అని వాళ్ళ నమ్మకం. వాళ్ళలో దీక్ష పుచ్చుకున్నవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు, చేపలు మాత్రం తింటారు. ఒట్టు పెట్టరు. మనిషినే కాదు, కోడిని కూడా చంపరు. శిలువకి మొక్కరు. ప్రభువును చంపిన కొయ్యకు మొక్కడమేమిటని వాళ్ళ వాదన. వీళ్ళకి ఒక సంఘమంటూ నిజంగా ఉండేదా, లేక చర్చి తరఫున వాళ్ళని విచారణ చేసినవాళ్ళే అలా చిత్రించారా అని చరిత్రకారులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు.

"దుర్బోధే" అన్నారు మామయ్య తిరుగుదారిలో. "సృష్టి దేవునిది కాదంటే ఇంకేముంది? నా సంఘంలో ఎవరైనా అలా చెబితే నేనూ ఊరుకోను." కాసేపాగి, "ఊరుకోను అంటే, కమిటీ పెడతాను" అన్నారు.

రెండో రోజు, అక్టోబరు 28: బెజియే

పొద్దున్నే బయలుదేరాం. దారిలో పెట్రోలు పోయించుకుంటుంటే బంకు ముందు వరసగా చామంతి కుండీలు, పసుపు, తెలుపు, ముదురెరుపు. మామయ్య ఒకటి కొనుక్కొచ్చారు, అమ్మాయికిద్దామని. ఇక్కడ నవంబరు ఒకటిన సమాధుల మీద పెట్టడానికి అమ్మే పూలవి, బతికున్నవాళ్ళకి ఇస్తే బాగోదని చెప్పాను. వాపసు ఇవ్వడానికి మనసొప్పలేదు. కుండీని వెనక సీట్లో పెట్టి బెల్టు కూడా బిగించారు.

కారులో కథ చెప్పాను. 1208 జనవరిలో పోపు పంపిన ప్రతినిధి పియేర్ ద కాస్తెల్నోను రోన్ నది దగ్గర ఎవరో పొడిచి చంపారు. నింద తులూజ్ ప్రభువు ఆరో రైమోన్ మీద పడింది. మూడో ఇన్నోసెంట్ పోపు క్రూసేడ్‌కి పిలుపునిచ్చాడు. యెరూషలేముకు వెళ్ళినవాళ్ళకి దొరికే పాపక్షమాపణే ఇక్కడికి వచ్చినా దొరుకుతుంది. చేయాల్సిన సేవ నలభై రోజులు. సముద్రం దాటక్కర్లేదు, ఏళ్ళ తరబడి ఇల్లు వదలక్కర్లేదు. పైగా దుర్బోధకులకి నీడనిచ్చిన ప్రభువుల భూములు పట్టుకున్నవాడివే.

"నలభై రోజులా?" అన్నారు మామయ్య. ఆయన లెక్కలో నలభై రోజులంటే లెంటు, శ్రమల కాలం. ఉపవాసం చేసే రోజులు.

ఇది పాతకాలపు పిచ్చి అనుకోవడానికి లేదు. 2022 సెప్టెంబరులో రష్యా ఆర్థొడాక్స్ చర్చి పెద్ద, మాస్కో పేట్రియార్క్ కిరిల్ చెప్పిన ప్రసంగం నాకు గుర్తుంది. ఉక్రెయిన్ యుద్ధంలో విధి నిర్వహిస్తూ చనిపోయే సైనికుడి త్యాగం అతని పాపాలన్నిటినీ కడిగేస్తుందన్నాడు. ఆయన కనీసం రోజులు లెక్కకట్టలేదు.

బెజియే గుట్ట మీద ఊరు. కింద ఓర్బ్ నది, పాత రాతి వంతెన, పైన కెతీడ్రల్. వంతెన మీద నిలబడి చూస్తే పెయింటింగ్‌లా ఉంటుంది. 1209 జులైలో ఈ నది ఒడ్డునే క్రూసేడ్ సైన్యం దిగింది. ముందు నడిపించేవాడు సేనాపతి కాదు, మఠాధిపతి. సీతో మఠం పెద్ద అర్నో అమల్రిక్, పోపు ప్రతినిధి. ఊరి బిషప్పు కంచర గాడిద మీద లోపలికి వెళ్ళి, రెండు వందల పైచిలుకు పేర్ల జాబితా చూపించి, వీళ్ళని అప్పగించండి, లేదా మంచి కథోలికులంతా బయటికి వచ్చేయండి అన్నాడు. ఊరు ఒప్పుకోలేదు. ఉప్పు సముద్రంలో మునిగి చావనైనా చస్తాం గానీ అలా చెయ్యమన్నారు. ఆ ఊరివాళ్ళలో ఎక్కువమంది కథోలికులే. పక్కింటివాళ్ళని అప్పగించడానికి మనసొప్పక ఆగిపోయారు.

జులై 22, మగ్దలేనే మరియ పండుగ రోజు. సైన్యం వెంట వచ్చిన కూలిమూక గేటు దగ్గర చిన్న గొడవతో లోపలికి జొరబడింది, వెనకాలే కత్తులు. జనం గుళ్ళలోకి పరిగెత్తారు. అర్నో అమల్రిక్ పోపుకు తానే ఉత్తరం రాశాడు: వయసు, ఆడా మగా తేడా చూడకుండా దాదాపు 20 వేల మందిని కత్తికి ఎరవేశామని. ఊరి జనాభాయే అంత ఉండదని ఇప్పటి లెక్కలు. దాచాల్సిన అంకెను పెంచి చెప్పుకున్నాడంటే ఆయన దాన్ని ఏమనుకున్నాడో అర్థమవుతుంది. ఈ ప్రాంతపు ఆక్సితాన్ భాషలో ఆ రోజుకి 'గ్రాన్ మసెల్' అని పేరు. పెద్ద కసాయి కోత అని.

మదలేన్ చర్చి మార్కెట్ పక్కనే. చుట్టూ కాఫీ హోటళ్ళు. లోపల మేమిద్దరమే. ఈ గుడిలో 7 వేల మందిని చంపారని అప్పటి చరిత్రకారుడు, క్రూసేడ్ వైపువాడే, రాశాడు. మామయ్య గుమ్మం దగ్గర నిలబడి, పెదాలు కదుపుతూ బెంచీలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పాస్టర్ల అలవాటు అది. ఎక్కడికి వెళ్ళినా ఎంతమంది పడతారో చూసుకుంటారు. అటు వరస, ఇటు వరస, వెనక ఖాళీ. అయ్యాక నా దగ్గరికొచ్చి, "బెంచీలు తీసేసి, చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని నిలబడ్డా, వెయ్యి మంది. అంతకి మించి పట్టరు" అన్నారు. అన్నాక ఆ లెక్క తనకే ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. గుమ్మం పక్కన గోడని చేత్తో తడుముతూ ఉండిపోయారు.

అప్పుడు చెప్పాను ఆ మాట. కథోలికుల్నీ దుర్బోధకుల్నీ ఎలా గుర్తుపట్టేదని సైనికులు అడిగితే అర్నో అమల్రిక్, "అందరినీ చంపండి, ప్రభువు తనవారిని ఎరుగును" అన్నాడని లోకమంతా చెప్పుకునే మాట. పది పదిహేనేళ్ళ తర్వాత సిజేరియస్ అనే జర్మన్ సన్యాసి రాశాడు. మఠాధిపతి నిజంగా అన్నాడో లేదో తేలలేదు, ఆయన ఉత్తరంలో మాత్రం అది లేదు.

"ప్రభువు తనవారిని ఎరుగునా?" అన్నారు మామయ్య. "అది పౌలు మాట బాబూ!"

సంచీలోంచి బైబిలు తీశారు. నల్ల రెక్సిన్ అట్ట, అంచులు ఊడి ప్లాస్టర్ అంటించింది. వేలు తడుపుకుని రెండో తిమోతి తీసి, రెండో అధ్యాయం పంతొమ్మిదో వచనం చూపించారు. నిజమే, ఉంది. తర్వాత ఆయన వేలు కిందికి జారింది. అదే వచనం ఇంకా ఉంది: "ప్రభువు నామమును ఒప్పుకొను ప్రతివాడును దుర్నీతినుండి తొలగిపోవలెను."

"సగం వచనం" అన్నారు. "సగం చదివి ఆపేశాడు."

జేబులోంచి పెన్సిలు తీసి రెండో సగం కింద గీత గీశారు. మొదటి సగం కింద గీత పాతదే. ఎప్పుడో ఏదో ప్రసంగానికి గీసుకున్నదట.

మూడో రోజు, అక్టోబరు 29: మినెర్వ్

ద్రాక్షతోటల మధ్య నుంచి దారి. ఆకులు ఎర్రబడుతున్నాయి. మినెర్వ్ చిన్న పల్లె. రెండు వాగులు కోసిన లోయల నడుమ రాతి దిబ్బ మీద ఉంటుంది. కార్లు బయటే ఆపాలి. మామయ్యకి మోకాళ్ళ నొప్పి, వంతెన మీదుగా నెమ్మదిగా నడిచాం.

1210లో క్రూసేడ్ సేనాపతి సిమోన్ ద మోంఫోర్ దీన్ని ముట్టడించాడు. లోయ అవతలి నుంచి రాళ్ళు విసిరే యంత్రాలతో కొట్టాడు. వాటిలో పెద్దదానికి 'చెడ్డ పొరుగింటిది' అని ముద్దుపేరు. ఊరికి నీళ్ళందించే బావి దారిని అది పడగొట్టింది. జులై ఎండల్లో నీళ్ళు లేకపోతే ఎంత పెద్ద కోటైనా ఎన్నాళ్ళు?

లొంగిపోయేటప్పుడు జరిగిన మాట ఒకటి క్రూసేడ్ చరిత్రకారుడే రాసిపెట్టాడు. మతం మార్చుకున్నవాళ్ళని వదిలేస్తామని షరతు. ఒక నైటు, అంటే గుర్రపు వీరుడు, అభ్యంతరం చెప్పాడు. వీళ్ళని చంపడానికి వచ్చాం, భయపడి మారినట్టు నటించి తప్పించుకుంటే ఎలా అని. దానికి అర్నో అమల్రిక్, కంగారు పడకు, మారేవాళ్ళు చాలా కొద్దిమందే ఉంటారులే అన్నాడట. అన్నట్టే జరిగింది. 140 మందిని కాల్చారు. తొయ్యాల్సిన అవసరం కూడా రాలేదట, తామే నడిచి మంటలోకి వెళ్ళారట. ఇలాంటి చోట్ల ఆ చరిత్రకారుడు మళ్ళీ మళ్ళీ వాడే మాట, మనవాళ్ళు 'గొప్ప ఆనందంతో' కాల్చారు అని.

చర్చి పక్కన జ్ఞాపక శిల ఉంది. నిలువెత్తు గరుకు రాయి, దాన్ని పావురం ఆకారంలో ఆరపార తొలిచారు. రాతిలో పావురం ఉండదు, పావురం ఉండాల్సిన చోట సందు ఉంటుంది. ఇటు నుంచి చూస్తే అందులో ఆకాశం ముక్క. మామయ్య అటు వైపు వెళ్ళి వంగి చూశారు. ఆ సందులోంచి ఆయన కళ్ళజోడు, సగం మీసం కనిపించాయి. ఫొటో తీశాను. ఎవరికీ పంపలేదు.

"భూముల కోసం చేశారు బాబూ" అన్నారు తిరిగి నడుస్తూ. "పేరుకే దేవుడు. నిజమైన విశ్వాసులు కాదు వీళ్ళు."

నాకూ ముందు అలాగే అనిపించింది. ఎవరికైనా అలా అనుకోవాలనే ఉంటుంది. భూములు దొరికిన మాట నిజం. కానీ నలభై రోజులు కాగానే ఎక్కువమంది ఏమీ పుచ్చుకోకుండా ఇంటికి పోయేవారు. తర్వాతి ఏడాది లావోర్ ఊరిని పట్టుకుంటున్నప్పుడు పాదిరీలు పక్కన నిలబడి పరిశుద్ధాత్మను ఆహ్వానించే కీర్తన పాడుతున్నారు. పాడుతున్నవాళ్ళు నటిస్తున్నారని నేననుకోను. వాళ్ళు నిజంగా నమ్మారు. అది ఒప్పుకుంటే గానీ మిగతాది అర్థం కాదు. ఇదంతా మామయ్యతో అనలేదు, కారు తాళం వెతుక్కున్నాను.

సాయంత్రానికి కార్కసోన్ చేరాం. గడియారాలు వెనక్కి తిప్పిన వారం కదా, ఆరు కాకముందే పొద్దు గుంకింది. హోటల్లో కసూలే తెప్పించాం. తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం, సాసేజీ కలిపి మట్టి పాత్రలో గంటల తరబడి ఉడికిస్తారు. మామయ్య రెండు ముద్దలు తిని, జేబులోంచి అత్తయ్య పొట్లం కట్టిచ్చిన కంది పొడి తీశారు. పక్క టేబుల్‌వాళ్ళు చూస్తున్నారని నేను ఇబ్బంది పడ్డాను. నాలుగు నిమిషాల్లో నేనూ వేసుకున్నాను.

నాలుగో రోజు, అక్టోబరు 30: కార్కసోన్

కోట బ్రహ్మాండం. రెండు వరసల గోడలు, యాభై రెండు బురుజులు. మనం చూసే సొగసులో చాలా భాగం పంతొమ్మిదో శతాబ్దంలో వియొలే-ల-ద్యూక్ అనే ఆర్కిటెక్టు బాగుచేయించింది. ఆ సూది మొన పలకరాయి కప్పులు ఈ ప్రాంతానివి కావు, ఉత్తరాదివని అప్పుడే తిట్టుకున్నారు. గెలిచినవాళ్ళ టోపీ పెట్టారన్నమాట.

ఈ కోటకి అధిపతి ఇరవై నాలుగేళ్ళ రైమోన్ రోజే త్రెంకవెల్. తాను కథోలికుడే. బెజియే మీదికి సైన్యం వస్తోందని తెలిసి అక్కడి యూదులను వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. ఆగస్టులో ముట్టడి, నీళ్ళ కటకట. సంధి మాటలకని బయటికి వస్తే పట్టుకుని తన కోట చెరసాల్లోనే పెట్టారు. నవంబరు 10న చనిపోయాడు, రక్త విరేచనాలన్నారు. ఊరి జనాన్ని చంపలేదు. ఒంటి మీద చొక్కాతో, ఉన్నదంతా వదిలేసి వెళ్ళిపొమ్మన్నారు. కొల్లగొట్టడానికి ఊరు మిగలాలి గదా, బెజియేలో అంతా తగలబడిపోయింది.

ఖాళీ అయిన గద్దె సిమోన్ ద మోంఫోర్‌కి ఇచ్చారు. నాకు ఈ మొత్తం కథలో కొరుకుడుపడని మనిషి ఈయనే. ఏడేళ్ళ కిందట, 1202లో, నాలుగో క్రూసేడ్‌లో వెళ్ళాడు. దారిలో ఆ సైన్యం జారా అనే క్రైస్తవ పట్నాన్ని ముట్టడిస్తే, సాటి క్రైస్తవుల మీద కత్తెత్తను, దానికి రాలేదు నేను అని సైన్యాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. అంత పట్టింపున్న మనిషి. ఆ మనిషే 1210లో బ్రామ్ అనే ఊళ్ళో వందమంది దాకా ఖైదీల కళ్ళు పీకించి, ముక్కులు కోయించి, ఒకడికి మాత్రం ఒక కన్ను వదిలి, వీళ్ళని నడిపించుకుపో అని పంపాడు. ఈ రెండిటి మధ్య ఆయన విశ్వాసం సన్నగిల్లలేదు. రోజూ ప్రార్థనకి వెళ్ళేవాడు. మారింది ఒకటే, జారావాళ్ళు క్రైస్తవులు, వీళ్ళు కారు అని ఎవరో ముద్ర వేసి ఇచ్చారు.

1218 జూన్ 25న తులూజ్ గోడల కింద రాయి తగిలి చచ్చిపోయాడు. ఆ రాతి యంత్రాన్ని నడిపింది ఆడవాళ్ళని చెబుతారు. కోటలోని సాన్ నజేర్ బసిలికాలో ఆయనదని చెప్పే సమాధి పలక ఉంది. ఆయన చనిపోయాక తులూజ్ వైపు కవి ఒకడు ఆక్సితాన్‌లో రాసిన మాటల సారం మామయ్యకి చెప్పాను: మనుషుల్ని చంపి, నెత్తురు పారించి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కోసి ఈ లోకంలో యేసుక్రీస్తును సంపాదించుకోవచ్చంటే, ఈయన పరలోకంలో కిరీటం పెట్టుకుని మెరుస్తూ ఉండాల్సిందే అని. మామయ్య నవ్వారు. ఈ ఐదు రోజుల్లో ఆయన పైకి నవ్వింది అప్పుడే.

బయట దుకాణాల నిండా ప్లాస్టిక్ కత్తులు, డాళ్ళు. సెలవులు కాబట్టి పిల్లలు గుంపులు గుంపులు. ఐదేళ్ళవాడొకడు, తెల్ల అంగీ, గుండెల మీద ఎర్ర శిలువ. కత్తి పైకెత్తి మామయ్య తొడ మీద ఒక్కటి వేశాడు. వాళ్ళమ్మ క్షమించమని పరిగెత్తుకొచ్చింది. మామయ్య వాడి తల నిమిరి, అలవాటు కొద్దీ, "దేవుడు దీవించునుగాక" అన్నారు.

ఐదో రోజు, అక్టోబరు 31: మోంసెగ్యూర్

పొద్దున కారెక్కగానే, "ఈ రోజేంటో తెలుసా?" అని అడిగారు. హాలోవీన్ అన్నాను. నా వైపు చూసిన చూపు పెళ్ళిచూపుల నాటిది. "సంస్కరణ దినం. 1517, అక్టోబరు 31. లూథరు తొంభై ఐదు వాదాలు."

పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద కదా ఆ వాదాలు. నలభై రోజుల బేరం వినగానే రెండో రోజే ఆయన బుర్రలో అది తిరిగినట్టుంది. "మనవాడు అడిగాడు బాబూ, చివరికి. మూడొందల ఏళ్ళు ఆలస్యమైనా అడిగాడు." మలుపుల దారి మొదలైంది. పైన్ చెట్లు, పొగమంచు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను ఉద్దేశించి కాదన్నట్టుగా, కిటికీ వైపు చూస్తూ చెప్పారు.

"1525లో రైతులు తిరగబడ్డారు. జర్మనీలో. లూథరు ఒక కరపత్రం రాశాడు, వాళ్ళని పిచ్చికుక్కల్ని చంపినట్టు చంపమని దొరలకి. ప్రార్థన చేసి సంపాదించేదాని కంటే, రైతుల నెత్తురు పారించి ఒక దొర పరలోకం బాగా సంపాదించుకోగల రోజులివి అని కూడా రాశాడు. సెమినరీలో చదివాం. పరీక్షలో రాదన్నారు, వదిలేశాం. ముప్పై ఆరు సంస్కరణ దినాలకి ప్రసంగం చెప్పాను. ఒక్కసారీ అది చెప్పలేదు."

నిన్నటి కవి ఎగతాళికి అన్నమాట, మూడొందల ఏళ్ళకి లూథరు ఎగతాళి లేకుండా అన్నాడు.

యుద్ధం ముగిశాక కూడా కతార్లు తలదాచుకున్న మోంసెగ్యూర్ కొండ 1,207 మీటర్లు, బోర్లించిన గిన్నెలా నిట్టనిలువు. 1242 మే నెలలో ఇక్కడి నైట్లు కొందరు అవిన్యోనే అనే ఊరికి వెళ్ళి, అక్కడ దిగిన ఇద్దరు విచారణాధికారుల్నీ వాళ్ళ మనుషుల్నీ రాత్రిపూట గొడ్డళ్ళతో నరికి వచ్చారు. కోడిని కూడా చంపని మంచి మనుషులు కాపలాకి ఉంచుకున్న నైట్లు వాళ్ళు. మరుసటి ఏడాది మే నుంచి 1244 మార్చి దాకా ముట్టడి. లొంగాక పదిహేను రోజులు గడువిచ్చారు. ఆ గడువులో, విశ్వాసం వదిలితే బతుకు, లేకపోతే మంట అని తెలిసి కూడా, ఇరవై మంది దాకా కొత్తగా దీక్ష పుచ్చుకున్నారు. కాపలాకి వచ్చిన సిపాయిలు కూడా ఉన్నారు వాళ్ళలో. మార్చి 16న రెండు వందలకి పైగా మనుషుల్ని కాల్చారు. కోట పెద్ద భార్య, కూతురు కూడా.

కొండ మొదట్లో పచ్చిక బయలు, 'కాలినవాళ్ళ బీడు' అంటారు. అక్కడ 1960లో నిలబెట్టిన చిన్న రాతి స్తంభం. ఆక్సితాన్‌లో చెక్కారు: కతార్లకు, స్వచ్ఛమైన క్రైస్తవ ప్రేమకు హతసాక్షులైనవారికి. 2016 అక్టోబరులో ఈ ప్రాంతపు బిషప్పు మోంసెగ్యూర్ వచ్చి క్షమాపణ ప్రార్థన జరిపాడు. అడిగినవాళ్ళు అప్పటివాళ్ళు కారు, విన్నవాళ్ళూ అప్పటివాళ్ళు కారు. మరి అడక్కుండా ఉంటే బాగుండేదా అంటే అదీ కాదు.

మామయ్య మోకాళ్ళు ఇక సాగలేదు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి నేనొక్కణ్ణే ఎక్కాను. అరగంట ఎక్కుడు, రాళ్ళు జారుతున్నాయి. పైన మిగిలిన గోడలు కతార్లవి కావు, తర్వాత వచ్చిన దొరలు కట్టుకున్నవి. గాలికి నిలబడలేక పది నిమిషాల్లో దిగొచ్చాను.

వచ్చేసరికి స్తంభం కింద మా చామంతి కుండీ ఉంది. కారు తాళం నా దగ్గరే ఉందే అని తడుముకుంటే జేబులో లేదు. మామయ్య రాతి మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నారు. స్పీకరు ఆన్‌లో ఉంది, ఆయనకెప్పుడూ అంతే. మనకి మధ్యాహ్నం రెండు, గుంటూరులో ఆరున్నర. అవతల సంఘం సెక్రటరీ.

"డిసెంబరు కూటాల కరపత్రం చూశానయ్యా వాట్సాప్‌లో. అందులో సువార్త క్రూసేడ్ అని వేశారు. అది తీసేసి సువార్త కూటములు అని వెయ్యండి."

"అయ్యగారూ, అదేంటండీ, ఎప్పుడూ అదే కదండీ వేస్తాం?"

"ఎప్పుడూ వేశాం. ఈసారి వద్దు."

అటు నుంచి ఏదో మోటారు సైకిలు చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు. తర్వాత సెక్రటరీ గొంతు తగ్గించి, "ఫ్లెక్సులు కూడా ఆర్డరిచ్చేశామండీ. ఇరవై. పెద్ద సైజువి" అన్నాడు.

మామయ్య కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"అడ్వాన్సు ఎంతిచ్చారు?"